మూడో గడిలో నాయనమ్మ

ఆ సాయంత్రం ప్రార్థన కూటానికి మా మిర్చి కల్లంలో ఉన్నవి, ఉన్నవాళ్ళు: పాస్టరు గారు, అమ్మ, నాన్న, నాయనమ్మ, సంఘం వాళ్ళు నలుగురు, నేను, ఆరబోసిన కాయలు, నేను గీసిన గుడ్డ పటం. అది తొంభై తొమ్మిది మార్చి. రెండువేల సంవత్సరం రాకముందే ప్రభువు వస్తాడని మేమంతా భయపడుతున్న రోజులు. డిప్లొమా చదువుతున్నాను కాబట్టి స్కేలు పెట్టి మూడు గడులు గీశాను: యూదులు, నమ్మి బాప్తిస్మం తీసుకున్న సంఘం, మిగతా అన్యజనులు. ఆకాశంలోకి ఎత్తబడేది సంఘమే కనుక బాణం మధ్య గడికే పెట్టాను.

మా ఇంట్లో బాప్తిస్మం తీసుకోనిది నాయనమ్మ ఒక్కతే. మేం కూర్చున్న చాపకు అవతల కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది.

"ఏరా, ఇందులో నేనెక్కడున్నానురా?"

మూడో గడి చూపించాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"అంటే నన్నిక్కడ పడేసి మీరంతా ఎల్లిపోతారా?"

నాన్న తల దించుకున్నాడు.

ఆమె పాస్టరు గారి వైపు తిరిగింది. "మొదటి గడోళ్ళు మనలో ఎవరున్నారయ్యా?"

"ఎవరూ లేరమ్మా. పుట్టుకతో మనమంతా అన్యజనులమే, నేను కూడా. నమ్మాక ప్రభువు సంఘంలో చేర్చుకున్నాడు."

"అయితే తలుపింకా మూయలేదుగా! ఇటొచ్చి కూర్చోవయ్యా, కాయలేరుదాం."

పాస్టరు గారు కుర్చీ దిగి ఆమె పక్కన కూర్చున్నారు. నేను పటం చుట్టేసి నోటుబుక్కులో హాజరు రాసుకున్నాను. యూదులు సున్నా, అన్యజనులు తొమ్మిది.