ఒటీలీ తొక్కిన ఫ్యూగ్

ఆర్గన్ వాయించేవాళ్ల పేర్లు ఆ చర్చిగోడ మీద చెక్కారు. కాళ్లతో గాలితిత్తులు తొక్కి దాని గొట్టాలకి ఊపిరి పోసినవాళ్ల పేరు ఒక్కటీ లేదు. ఎందుకుంటుంది లెండి! మొగుడు పోయాక పదకొండేళ్లుగా ఆర్గన్ వెనక చెక్కగదిలో ఆ పని ఒటీలీదే.

1911లో చర్చి సంఘపెద్ద క్రాట్జ్‌కి, తిత్తులకి గాలి కొట్టే కరెంటు మోటారు మీద మనసైంది. "శనివారం కచేరీలో గాలి తగ్గిందా, ఒటీలీని మాన్పించేస్తాం" అని అందరి ముందే అనేశాడు. ఆ శనివారమే కుర్ర ఆర్గనిస్టు యూస్టుస్, ఆరు నెలలు కూర్చుని రాసుకున్న జంట పాట వాయించాలి: ముందు ప్రెల్యూడ్, దాని వెనకే గొంతులు ఒకదాన్నొకటి తరిమే ఫ్యూగ్.

"భయపడకమ్మా," అన్నాడు యూస్టుస్.

"భయమా, నాకా? నువ్వు వేళ్ల సంగతి చూసుకో నాయనా, కాళ్ల సంగతి నాకొదిలెయ్!"

ప్రెల్యూడ్ ఉరిమింది. ఒటీలీ ఒక తిత్తి మెట్టు పూర్తిగా కిందికి దిగేలోగా రెండోది తొక్కింది. చివరి స్వరం ఆగింది. అంతా నిశ్శబ్దం. ఆదివారాలు ప్రెల్యూడ్ అయ్యాక పాస్టరుగారు మాట్లాడతారు, తిత్తులవాళ్లు దిగి కాళ్లు చాపుకుంటారు. ఒటీలీ కూడా దిగిపోయింది. "హమ్మయ్య, గట్టెక్కాను" అనుకుంటూ బూట్లు విప్పింది.

అప్పుడు ఆర్గన్‌లో ఒక్క గొంతు సన్నగా పాట ఎత్తుకుంది. అదే పాటను రెండో గొంతు అందుకుని దాన్ని తరిమింది. మూడోది రాగానే గాలి చాలక స్వరం వంకరగా జారింది.

ఒటీలీ చేతిలోని బూటు పడేసింది. ఫ్యూగ్! ఇంకా ఉంది! ఉత్త కాళ్లతో మెట్ల మీదికి దూకి తొక్కింది. ఆయాసం ముంచుకొస్తున్నా తొక్కింది. ఇంతలో ఉన్నట్టుండి పాదాల కింద బరువు తేలికైంది. ఆవిడకి అర్థమైంది. గాలి ఎక్కువ తాగే గొట్టాలన్నీ యూస్టుస్ మూసేస్తున్నాడు. తన కోసం సొంత పాటనే కుదించేస్తున్నాడు! కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"తెరువు నాయనా! గాలుంది, అన్నీ తెరిచెయ్!" అని పలకల సందులోంచి అరిచింది.

అతను తెరిచాడు. చివరి స్వరం దాకా గాలి మళ్లీ తగ్గలేదు.

కచేరీ అవగానే క్రాట్జ్ ఆర్గన్ దగ్గరికి మెట్లెక్కి వచ్చాడు. "మధ్యలో స్వరం జారింది. నా చెవులారా విన్నాను."

"నేను అలాగే రాశానండీ," అన్నాడు యూస్టుస్ తడుముకోకుండా.

"ఓహో! అయితే పాటే వంకరన్నమాట. ఊరందరికీ అదే చెబుతాను." క్రాట్జ్ వెనుదిరిగాడు.

"ఆగండి బాబూ," అంది ఒటీలీ. "పాటలో ఏ వంకరా లేదు. అయిపోయిందనుకుని నేనే దిగిపోయాను."

"సరే, మోటారు పంపమని రాసేస్తా," అన్నాడాయన.

ఆయన అడుగుల చప్పుడు కిందికి దిగిపోయింది. యూస్టుస్ కళ్లు ఎర్రబడ్డాయి. "నోరు మూసుకుంటే నీ పని నీకుండేది కదమ్మా! ఎందుకు చెప్పావు?"

"నీ పాటని ఊరంతా వెక్కిరిస్తుంటే, నేనిక్కడ తొక్కుతూ కూర్చోనా?"