చక్రపాణి ఆరా తీసిన రోజులు

చక్రపాణి ఎవరినీ ఏదీ నేరుగా అడగడు. ఇప్పుడంటే ప్రభుత్వ గూఢచారి కనుక అది ఉద్యోగధర్మం అనుకోవచ్చు. అమీర్‌పేటలో జావా నేర్చుకునే రోజుల్లో కూడా, జీతంబత్తెం లేకుండానే అతనికి ఆ జబ్బు ఉండేది.

మెస్సులో ఆ పూట ఏం కూరో తెలియాలంటే లోపలికి తొంగిచూస్తే చాలు. చక్రపాణి అలా చూడడు. గుమ్మంలో నిలబడి, తిని బయటికొచ్చేవాళ్లతో ఆప్యాయంగా చేయి కలిపేవాడు. తర్వాత పక్కకి వెళ్లి తన చేయి వాసన చూసుకునేవాడు.

"వంకాయా?" అని అడిగేవాడు చక్రపాణితోపాటు అదే గదిలో ఉండే జెరెమియా, ఆకలికి ఆగలేక.

"బీరకాయ. రొయ్యలు కూడా పడ్డాయని అనుమానం. ఉండు, ఇంకొకాయనకి చేయిచ్చి చెప్తా."

వీధి చివర ఛాయ్ బండి సాయిలుకి ఇతనంటే మహా ముచ్చట. "గీ అన్నకు టైమెంతయిందో కావాల్నంటే ఎవర్నీ అడగడు. గడియారం పెట్టుకున్నోని ఎన్క నడుస్తడు. మొన్న గట్లనే పంజాగుట్ట దాంక పోయిండు. తీరా చూస్తే గాయన గడియారం సుత ఆగిపోయిందంట!"

సాఫ్ట్‌వేర్ అంటే చాలు, పిల్లనిచ్చే కాలం అది. జెరెమియాకి పంజాగుట్టలో ఉద్యోగం వచ్చింది, డయానాతో పెళ్లి కుదిరింది. నాలుగో నెలలో ఉద్యోగం పోయింది. ఆ మాట ఎవరికీ చెప్పలేక, రోజూ ఉదయం టై కట్టుకుని బయల్దేరి, సోమాజిగూడలో ఒక ఆసుపత్రి హాల్లో సాయంత్రం దాకా కూర్చునేవాడు. అక్కడ చల్లగా ఉంటుంది. పైగా ఎవరూ పలకరించరు.

ఒకరోజు ఎదుటి వరుసలో ఒక రోగి కనిపించాడు. తలకి పెద్ద కట్టు. చేతిలో ఎవరిదో మోకాలి ఎక్స్‌రే. దాన్ని పైకెత్తి పట్టుకుని, అందులోంచి జెరెమియా వైపే చూస్తున్నాడు. కట్టు కింద ఉన్నది చక్రపాణి ముక్కే.

జెరెమియా టై సర్దుకుని లేచి బయటపడ్డాడు. ఇక డయానా వాళ్లకి తెలిసిపోతుంది, పెళ్లి ఆగిపోతుంది అనుకున్నాడు. గదికి వెళ్తే చక్రపాణి కట్టు విప్పేసి, మామూలుగా చొక్కాలు ఉతుక్కుంటున్నాడు.

"ఏంటి, ఇవాళ త్వరగా వదిలారా?" అని కూడా అడగలేదు.

వారం తర్వాత జెరెమియా జేబులో ఒక చీటీ కనపడింది. బంజారాహిల్స్‌లో ఒక కంపెనీకి టెస్టింగ్ మనుషులు కావాలట. కలవాల్సిన మేనేజరు పేరు, ఆవిడ మూడు దాటాక అయితే ఓపిగ్గా వింటారన్న వివరంతో సహా రాసుంది. జెరెమియా మూడూ పదికి వెళ్లాడు. ఉద్యోగంతో తిరిగొచ్చాడు.

"అన్నీ తెలిసీ ఒక్క మాట అడగలేదేంట్రా?" అన్నాడు ఆ సాయంత్రం.

చక్రపాణి తెగ ఇబ్బంది పడిపోయాడు. "అడిగితే నువ్వు అబద్ధం చెప్పాల్సొచ్చేది కదరా. ఎందుకు మనిషికి ఆ కష్టం?"

నాలుగేళ్లకి, శ్రీనగర్ కాలనీలో జెరెమియా ఇంటికి ఒక అధికారి వచ్చాడు. చక్రపాణిని నిఘా శాఖలోకి తీసుకునే ముందు పాత స్నేహితులను విచారిస్తున్నారట.

"ఆరా తీయడం బాగానే వచ్చు. తెలిసింది కడుపులో దాచుకుంటాడా?"

"దాచుకుంటాడు సార్."

"ఒక ఉదాహరణ చెప్పండి."

జెరెమియా దగ్గరున్నది ఒకటే ఉదాహరణ. అది వంటింట్లో టీ పెడుతున్న భార్యకి ఇంతవరకూ తెలియదు. అయినా చెప్పడం మొదలుపెట్టాడు. ఉద్యోగం పోవడం, టై, ఆసుపత్రి, ఎక్స్‌రే, అన్నీ చెప్పేశాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

డయానా టీ తెచ్చి అధికారి ముందు పెట్టింది.

"ఆయనకి ఉద్యోగం ఇచ్చేయండి సార్. పెళ్లికి ముందు ఈయన ఎలా ఉన్నారని వారం వారం ఆయనకే ఫోన్ చేసేదాన్ని. 'ఆఫీసులో చల్లగాలి ఎక్కువండీ, కాస్త జలుబు చేసింది' అనేవారు. అంతకుమించి ఒక్క ముక్క రాబట్టలేకపోయాను," అంది.

ఆ తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"మీ సంగతి సారు వెళ్లాక చూస్తాను."

అధికారి గబగబా టీ తాగేశాడు.