ఉన్నవాళ్ళే పరాయివాళ్ళు

నా చిన్నప్పుడు నర్సీపట్నంలో ఇంగ్లీషు నేర్చుకోవాలంటే మా వీధి పిల్లలకు పక్కింటి టీచరమ్మగారి అరుగే దిక్కు. ఆవిడ మిషన్ బడిలో పనిచేసి రిటైరయ్యారు. ఆవిడ శభాష్ అంటే నాకు ఆ పూట అన్నం అక్కర్లేదు.

మా అమ్మమ్మది కొయ్యూరు అవతల కొండల్లో పల్లె. మా అమ్మ పెళ్ళయి కిందికొచ్చాక ఆ కొండభాష మానేసింది. అందుకని అమ్మమ్మ ఆ మాటలన్నీ నాతోనే మాట్లాడేది. నాకూ కొద్దికొద్దిగా వచ్చేవి.

ఒక సంతరోజు ఆమె చింతపండు మూటతో బస్సు దిగి, తిన్నగా అరుగు దగ్గరికే వచ్చి, అందరి ముందూ నన్ను తన భాషలో పలకరించింది. పిల్లలు కిసుక్కున నవ్వారు.

"ఎవులే ఆవిడ?" అంది పక్కనున్న పిల్ల.

"ఎవులో, సంతకొచ్చుంటాది," అన్నాను.

అమ్మమ్మకు తెలుగు బాగానే తెలుసు. మూట ఎత్తుకుని మా ఇంటివైపు వెళ్ళిపోయింది.

పక్కింటి మనిషికి మా అమ్మమ్మ తెలియదా. అయినా టీచరమ్మగారు నన్ను తిట్టలేదు. గ్రామరు పుస్తకం మూసి కథ మొదలెట్టారు. ఇంగ్లీషు ఇప్పుడు ఇంగ్లీషువాళ్ళుండే దీవిలో పుట్టిన భాషే కాదట. పడవలెక్కి వచ్చి భూములు లాక్కున్నవాళ్ళు తెచ్చిందట. తర్వాత ఓడల మీద వచ్చిన దోపిడీగాళ్ళు కొన్ని మాటలు కలిపారు, ఆపైన గెలిచి ఏలిన ఫ్రెంచి దొరలు బోలెడు కలిపారు. మరి మొదట్నుంచీ ఉన్నవాళ్ళ మాటలేమయ్యాయని ఎవరో అడిగారు.

"ఏటుందమ్మా, కొన్ని ఏర్ల పేర్లు, కొండల పేర్లు మిగిలాయి. వచ్చినోళ్ళు ఆళ్ళకి పెట్టిన పేరేటో తెలుసా? పరాయోళ్ళని. ఆళ్ళ నేల మీదే," అన్నారు, నావైపు చూడకుండా.

నాకు ఏడుపు ఆగలేదు. ఇంటికి పరుగెత్తాను. అమ్మమ్మ చింతపండులో గింజలు తీస్తోంది. వచ్చీరాని ఆమె భాషలోనే తప్పయిపోయిందన్నాను.

"తెలుగులో సెప్పమ్మా. బాగా సదువుకో," అని నా తల నిమిరింది. కోప్పడినా బాగుండేది. ఆ రోజు తర్వాత నాతో తన భాష మాట్లాడనేలేదు. ఎంత బతిమాలినా నవ్వేసేది.

చివరి రోజుల్లో ఆమెకు తెలుగు పోయింది. నా చెయ్యి పట్టుకుని తన భాషలో నాలుగు మాటలు చెప్పింది. అప్పటికి మా అమ్మ కూడా లేదు, వాటి అర్థం చెప్పడానికి. అరవై దాటినా ఆ నాలుగు మాటలూ నాకు కంఠతా వచ్చు. కొండల మీంచి సంతకు దిగే ఆడవాళ్ళను చూసినప్పుడల్లా అడగాలనిపిస్తుంది. దాహమేసి నీళ్ళడిగిందో, నన్ను మన్నించానందో. ఇంతవరకూ అడగలేకపోయాను.