పాలసీసా మూత బిళ్ళ

బొగ్గుగని సమ్మె జరిగిన ఏడు నారిస్ హెబుల్‌వైట్ పోలీసు టోపీ పెట్టుకుని, గని గేటు దగ్గర మనవాళ్ళకి ఎదురు నిలబడ్డాడట. క్రాబ్‌ట్రీ వీధిలో నలభై ఏళ్ళుగా నలుగుతున్న మాట ఇది. కార్మికుల హాల్లోని వేదికకి అతని పేరు పెట్టాలా వద్దా అన్నది ఈ గురువారం మీటింగులో తేలుతుంది. ఆ మచ్చ పోకపోతే పేరు పడదు. సంగతేమిటో తేల్చుకునేదాకా ఆ వీధిలోనే ఉండే ఐవీ సగ్డెన్‌కి టీ గొంతు దిగేలా లేదు.

నారిస్ ఆ వీధివాడే. పదిహేనో ఏట తండ్రితోపాటు గనిలోకి దిగాడు, ఇరవయ్యో ఏట నాటకాల్లోకి వెళ్ళిపోయాడు. నౌకరు, గుమాస్తా, ఇల్లు ఖాళీ చేయించే అమీనా, అన్నిటికంటే ఎక్కువగా పోలీసు. యాభై ఏళ్ళూ ఇవే వేషాలు. అతని మొహం తెలియని ఇల్లు లేదు, పేరు తెలిసిన ఇల్లూ లేదు. పేదవాణ్ణి వెక్కిరించే వేషం మాత్రం ఎంత పెద్దదైనా ముట్టుకోలేదు. ఎక్కడ సమ్మె జరిగినా వెళ్ళి ఊరికే ఆడి వచ్చేవాడు.

ఒకసారి ఈ హాల్లోనే, ఊపిరితిత్తులకి బొగ్గుదుమ్ము పట్టిన ముసలివాడి వేషం వేశాడు. మాటల్లేవు. మూడు మెట్లు ఎక్కాలి, అంతే. రెండో మెట్టు మీద ఆగి, గోడకి చెయ్యి ఆనించి, గాలికోసం నోరు తెరిచాడు. ఎవరూ చూడకూడదని తల పక్కకి తిప్పుకున్నాడు. ముందు వరసలో ఉన్న ఐవీకి ఒళ్ళు ఝల్లుమంది. అచ్చం వాళ్ళ నాన్న! పట్టుకుందామని కుర్చీలోంచి లేచింది కూడా. అలాంటి మనిషి అటువైపు నిలబడతాడా?

ఎదురింటి మావిస్‌కి సమ్మె నాటికి ఆరేళ్ళు. ఐవీ వెళ్ళి ఆమెని కదిపింది.

"పోలీసా? ఆ పోలీసు మొహాన కస్టర్డ్ కొట్టింది నేనేగా!" మావిస్ పకపకా నవ్వింది. "సమ్మె చేసేవాళ్ళ పిల్లలకి హాల్లో క్రిస్మస్ విందు పెట్టారు చూడు, ఆ రోజు నారిస్ మమ్మల్ని నవ్వించడానికి పోలీసు వేషం కట్టాడు. మా నాన్నని పోలీసులు పట్టుకెళ్ళాక టోపీ కనిపిస్తే చాలు, మంచం కింద దూరేదాన్ని. ఆయన్ని కొట్టాకే నా భయం వదిలింది."

బిస్కెట్ డబ్బాలోంచి ఆ విందు నాటి నారిస్ ఫొటో తీసింది. ఐవీ కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూసింది. టోపీ మీద వెండిలా మెరుస్తున్నది పోలీసు బిళ్ళ కాదు, చదును చేసి అతికించిన పాలసీసా మూత రేకు.

ఆ ఫొటో పట్టుకుని తిన్నగా నారిస్ ఇంటికి వెళ్ళింది.

"ఇది సరే. మరి గేటు దగ్గర కళ్ళారా చూశానని మా ఆయన క్లిఫర్డ్ చచ్చేదాకా అన్నాడే? నిలబడ్డావా, లేదా?"

"నిలబడ్డాను పిల్లా," అన్నాడు ఎనభై మూడేళ్ళ నారిస్. "వేషం కట్టుకునే గది హాల్లో లేదు. ఇంట్లోనే కట్టుకుని బయల్దేరాను. గేటు దగ్గర సార్జెంటు నన్ను తన పోలీసే అనుకుని 'వరసలోకి రా' అని కేకేశాడు. ఎదురాడితే టోపీ తీయమనేవాడు. దాని నిండా పిల్లల మిఠాయిలు! పది నిమిషాలు మెడ కదపకుండా నిలబడ్డాను."

"ఆ ముక్క ఆనాడే చెప్పి ఏడవచ్చుగా, మొద్దూ! నలభై ఏళ్ళు తిట్లు తిన్నావు!"

నారిస్ ఫొటోలోని పాలసీసా మూతని వేలితో నిమిరాడు.

"సార్జెంటు నమ్మాడు, మీ క్లిఫర్డ్ నమ్మాడు, వీధంతా నమ్మింది. ఇన్నేళ్ళలో నా నటనకి దక్కిన మెప్పు అదొక్కటే, ఐవీ. నా నోటితో నేనే ఎలా చెరుపుకోను?"