అక్క కలుపుకున్న ఆరేళ్ళు

పొద్దున్నే ఇంటి నుంచి కదిలే ముందు ఆమె ఒంటి మీద ఉన్న ఇనుమంతా తీసేస్తుంది. జడపిన్నులు, పిన్నీసు, చేతి గడియారం అన్నీ అద్దం ముందున్న గిన్నెలో వేస్తుంది. ఆసుపత్రిలో ఆమె పనిచేసే గదిలో పెద్ద అయస్కాంతం ఉంటుంది. దాని మధ్య సొరంగంలో మనుషుల్ని పడుకోబెట్టి తలకు స్కాన్ తీయడం ఆమె పని. రోజంతా మైకులో "కదలకండి, కదలకండి" అంటూనే ఉంటుంది కాబట్టి తోటివాళ్ళు ఆమెకు కదలకమ్మ అని పేరు పెట్టారు. అలా పిలిస్తే ఆమె పలుకుతుంది, అంతే. నవ్వే ఓపిక ఉండదు.

బొమ్మలు వచ్చాక కంప్యూటర్ ముందు కూర్చోవాలి. మెదడులో రెండు పక్కలా, చెవుల లోపలివైపు, జ్ఞాపకాలను నిలబెట్టే చిన్న భాగం ఒకటుంటుంది. కంప్యూటర్ దాని చుట్టూ గీత గీస్తుంది. గీత పక్కకు పోయిన చోటల్లా ఆమె సరిదిద్దుతుంది. అప్పుడు కంప్యూటర్ దాన్ని కొలిచి, అదే వయసు వాళ్ళకు ఉండే కొలతతో పోలుస్తుంది. మరీ తక్కువగా ఉంటే డాక్టరు మతిమరుపు జబ్బేమోనని మిగతా పరీక్షలు రాస్తారు. సాయంత్రానికి ఆమె కళ్ళు మండుతాయి, మెడ పట్టేస్తుంది.

ఆమెను పెంచింది అక్క. అమ్మ పోయేనాటికి ఆమె ఇంకా చంకదిగని పిల్ల. అక్కకు మిల్లులో చేరే వయసు రాలేదు. అందుకని ఆరేళ్ళు కలిపి చెప్పి చేరింది. ఆ జీతంతోనే చెల్లెలు చదువుకుంది. ఆ తర్వాత అన్ని కాగితాల్లోనూ ఆ వయసే స్థిరపడింది. అదే మిల్లులో కరెంటు పని చేసిన బావకు అదొక జీవితకాలపు వేళాకోళం.

కిందటేడు అక్క తేడాగా కనబడసాగింది. పొయ్యి వెలిగించి మరిచిపోయేది. అడిగిందే అడిగేది. ఏళ్ళ తరబడి తిరిగిన బస్సులోనే ఒకరోజు తప్పు చోట దిగి, ఎటు వెళ్ళాలో తెలియక నిలబడిపోయింది. వయసు మీద పడ్డాక అందరికీ ఉండేదేనని బావ కొట్టిపారేశాడు. చెల్లెలు మాత్రం పోరు పెట్టి పెట్టి, చివరికి అక్కను తన గదికే తెచ్చి పడుకోబెట్టింది. స్కాన్ గదికి అడ్డంగా ఉన్న అద్దానికి ఇవతల కూర్చుని, అక్కతోనూ "కదలకండి" అంది అలవాటు కొద్దీ.

వయసుకు తగ్గట్టే ఉందని ఫలితం వచ్చింది. ఆ మాట చెప్పడానికి ఆ సాయంత్రం ఆమె అక్క ఇంటికి వెళ్ళింది. అరవై ఎనిమిదేళ్ళకు ఈమాత్రం అరుగుదల మామూలేనన్నారని చెబుతుంటే, బావ పత్రిక మడిచి పక్కన పెట్టాడు.

"దానికి అరవై ఎనిమిదైతే నేను దానికంటే చిన్నవాణ్ణి మరదలా. పెద్దదాన్ని కట్టుకున్నానని మిల్లులో నన్నెంత ఏడిపించారో నీకేం తెలుసు."

అక్క నవ్వింది. చెల్లెలికి నవ్వు రాలేదు. పుట్టిన సంవత్సరం గడిలో ఆ తప్పు అంకె కొట్టింది తనే. ఎవరూ అడగలేదు, ఏ కాగితమూ చూడలేదు. ఏళ్ళుగా అక్క పేరు పక్కన రాసి రాసి చేతికి అలవాటైన అంకె అది. అరవై రెండేళ్ళ మెదడును అరవై ఎనిమిదేళ్ళ వాళ్ళ పక్కన నిలబెట్టి, బాగుందనుకుంది.

మర్నాడు డాక్టరుకు అసలు సంగతి చెబుతానంది. అక్క మొహం మాడిపోయింది. ఇన్నేళ్ళకు నలుగురిలో అబద్ధాలకోరుననిపించుకోలేనంది. బావ సర్దిచెప్పబోతే కసిరింది. చెల్లెలి వైపు తిరిగింది.

"ఆ ఆరేళ్ళూ నీ కోసం వేసుకున్నవేనే. ఇప్పుడు నువ్వే తీసేస్తావా?"

"తీసెయ్యనీ అక్కా. మోసింది చాలు."

అక్క కాదనలేదు.

డాక్టరు విని కోప్పడలేదు. అసలు వయసు వేసి మళ్ళీ పోల్చమన్నారు. ఈసారి కొలత ఉండాల్సిన దానికంటే బాగా తక్కువని తేలింది. స్కాన్ ఒక్కటే చాలదని జ్ఞాపకశక్తి పరీక్షలు, రక్తపరీక్షలు చేయించారు. అవీ అదే చెప్పాయి. ఇది మొదటి దశ, మందులతో నయం కాదు, కొంతకాలం నెమ్మదించవచ్చు, ఇంట్లో ఏర్పాట్లు చేసుకోవడానికి మాత్రం వ్యవధి దొరికింది అన్నారు. కొలత తప్పయితే బాగుండునని ఆమె తెర మీది గీతలన్నీ ఇంకోసారి చూసుకుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఆ వారమే బావ గ్యాస్ పొయ్యి తీయించి, దానంతటదే ఆరిపోయే కరెంటు పొయ్యి పెట్టించాడు. అక్క రెండు రోజులు అలిగింది, తర్వాత ఎందుకలిగిందో మరిచిపోయింది. బావ ఇప్పుడు వయసు మీద వేళాకోళం ఆడడం లేదు.

ఇప్పుడు ఆమె పొద్దుటి డ్యూటీ మాత్రమే చేస్తోంది. మధ్యాహ్నాలు వెళ్ళి అక్క దగ్గర ఉంటుంది. రాత్రంతా అక్కను కనిపెట్టుకుని ఉండే బావ ఆ పూట నిద్రపోతాడు.