తోలు మీద వేసిన ముద్ర

1939లో నేను తుంగభద్ర ఒడ్డున ఒక సుంకం నాకాలో మున్షీగా పనిచేసేవాణ్ని. నదికి ఇవతల నిజాం రాజ్యం, అవతల ఇంగ్లీషు సర్కారు. అవతల కొన్నది ఏదైనా ఇవతల దింపితే కరోడ్‌గిరి కట్టాలి. సరిహద్దు దాటే సరుకు మీది పన్నును అలా అనేవాళ్లం. పుట్టికి కూడా అది తప్పదు. పుట్టి అంటే వెదురుతో గంపలా అల్లి, అడుగున బర్రెతోలు బిగించిన గుండ్రటి పడవ. మనుషులను దాటించి తిరిగిపోయే పుట్టికి పన్ను లేదు. అమ్ముడై ఇవతలి వాళ్లదైతే ఉంది. పాత పుట్టి అయితే, ఇదివరకే ఒకసారి కట్టినట్టు రుజువు చూపిస్తే చాలు.

రుజువుకు రసీదు ఇచ్చేవాళ్లం. నీళ్ల మీద బతికేవాళ్ల దగ్గర కాగితం నిలవదు కనుక ఇనుప అచ్చు కాల్చి తోలు మీద ముద్ర కూడా వేసేవాళ్లం.

ఎండాకాలం చివర, మా ఒడ్డునే మానవపాడు వైపు ఉండే తిమ్మక్క అనే ఆమె అవతలి ఒడ్డున ఒక పాత పుట్టి కొని తెచ్చింది. చేపలు పట్టి బతికే కుటుంబం. మొగుడు పక్షవాతంతో మంచాన పడ్డాడు, వాళ్ల పుట్టి చివికిపోయింది. ఉన్న మేకలు అమ్మి దీన్ని కొన్నది, పన్నుకు పైసా మిగల్లేదు. కొత్తనీరు వచ్చాక చేపలు ఎదురెక్కే కొద్ది వారాల వేటే వాళ్లకు ఏడాది తిండి.

మా దరోగా పుట్టిని బోర్లించి చూశాడు. తోలు కొత్తది. ముద్ర లేదు.

“పన్ను కట్టిందే అని చెప్పి అమ్మిండు సాబ్,” అంది తిమ్మక్క. “మద్దిలేటన్న అబద్ధమాడడు.”

“మద్దిలేటన్న నాలిక మీద ఏసిన్రా ముద్ర? జప్తు.”

జప్తయిన పుట్టి ఎండకు పడి ఉంటే తోలు పగులుతుంది. పాత లెక్కలు పై కచేరీకి పోయాయి. అక్కడినుంచి జవాబు వచ్చేసరికి వేట రోజులు దాటిపోతాయి. ఆ సంగతి తిమ్మక్కకు చెప్పాను.

“అయితే అన్ననే తోల్కొస్త,” అని ఆమె వేరే పుట్టిలో అవతలికి పోయింది.

మరునాడు మద్దిలేటి వచ్చాడు. వెంట భార్య ఈరమ్మ.

“పుట్టి మా పిల్లోనిది సామీ,” అన్నాడు దరోగాతో. “ఈ ఒడ్డుకు ఇల్లరికం వచ్చినాడు. వచ్చేటప్పుడే పన్ను కట్టి ముద్ర ఏపిచ్చుకున్నాడు.”

“రసీదు?”

“వాని రొంటిలో ఉండె. పోయిన నెల ఏట్లో మునిగినాడు. వానితోనే పాయ.”

“మరి ముద్ర ఉన్న తోలు?”

ఈరమ్మ చెప్పింది. “వాని మీద కప్పినాను.”

దరోగాకు అర్థం కాలేదు.

“నీళ్లలో పోయినాడు సామీ నా కొడుకు. గుంతలో పెట్టేటప్పుడు, వానొస్తే మళ్లా తడుస్తాడని పుట్టి తోలు ఊడదీపిచ్చి పైన కప్పినాను. దాంట్లో నీళ్లు దిగవు గదా. ఆ తరువాత ఈయన పుట్టిని మా ఒడ్డుకు తెచ్చుకోని, కొత్త తోలు ఏసి అమ్మినాడు.”

అప్పటికి నా భార్య పోయి ఏడాది కాలేదు. ఆమె సగంలో ఆపేసిన పుస్తకాన్ని నేను చితి మీద పెట్టించాను. ఎందుకని నన్నెవరూ అడగలేదు.

దరోగా చెడ్డవాడు కాదు. “నేను నమ్ముత. నా నమ్మకం పైన చెల్లదు. ముద్ర కండ్లతోని చూసినట్టు రాయాలె,” అన్నాడు.

“తవ్వుతాను,” అన్నాడు మద్దిలేటి. “మాట చెప్పి అమ్మినాను.”

సాక్షిగా నన్ను పంపారు, తిమ్మక్క కూడా వెంట వచ్చింది. కొడుకును పూడ్చింది మా ఒడ్డునే, దగ్గర్లోని అతని అత్తగారి ఊళ్లో. మట్టి ఇంకా అణగలేదు. మద్దిలేటి పార ఎత్తాడు. ఈరమ్మ కొంచెం దూరంలో, అటు తిరిగి కూర్చుంది. నాలుగు పారలు తీశాక ఆమె తిరగకుండానే అంది:

“మొగం దిక్కు తవ్వొద్దు. కాళ్ల దిక్కు తవ్వు. ముద్ర ఆడనే ఉంది.”

తిమ్మక్క వెళ్లి పార పట్టుకుంది.

“ఆపన్నా. నాకొద్దు పుట్టి.”

“ఇడువమ్మా. పుట్టి లేకుంటే ఏం తింటారు మీరు?”

“ఏమన్న తింటం. గిట్ల తెచ్చుకున్న పుట్టిల నేనెట్ల కూసుంట? జర నువ్వే చెప్పు.”

మద్దిలేటి పార వదిలేశాడు. కాసేపటికి నడుముకు కట్టుకున్న గుడ్డసంచి విప్పాడు. “బండలకని దాచినాను. వానలకు ముందర ఈ గుంత మీద పరిపిద్దామని. పన్నుకు సరిపోతాది,” అని భార్య వైపు చూశాడు.

“తోలుంది గదా,” అంది ఈరమ్మ. “కట్టేసి రా.”

అతను తీసిన మట్టిని చేతులతోనే తిరిగి నెట్టాడు. నేనూ కూర్చుని నెట్టాను.

“వదినె, చేపలు పడ్డంక బండలు నేను ఏపిస్త,” అంది తిమ్మక్క.

“ముందు నీ మొగునికి బువ్వ పెట్టుకోపో,” అంది ఈరమ్మ.

నాకాలో మద్దిలేటి పన్ను కట్టాడు. కొడుకు పుట్టికి అది రెండోసారి. నేను రసీదు రాశాను. జవాను అచ్చు కాల్చి, ఎప్పటిలాగే తోలు మీద పెట్టబోయాడు. నేను ఆపి, పుట్టి అంచు వెదురు మీద వెయ్యమన్నాను.

“గట్లని ఎక్కడుంది?” అన్నాడు దరోగా.

“ఎక్కడా లేదు,” అన్నాను.

అతను వెయ్యమని జవానుకు చెయ్యి ఊపాడు.

ఆ తర్వాత నా ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ప్రతి పుట్టికీ ముద్ర వెదురు మీదే వేయించాను. వెదురు పుట్టిని వదిలి పోదు. తోలుతో మనుషులకు ఇంకేదైనా పని పడవచ్చు. ఆ పనికి వాళ్లు మా నాకాకు జవాబు చెప్పుకోవలసి రాకూడదు.