హాల్టు బండి కోసం నలభై సంతకాలు

రైల్వే బాగుపడబోతోందన్న సంగతి మాకు ఒక గోడ మీది కాగితం వల్ల తెలిసింది. నర్సీపట్నానికి రైలు లేదు కాబట్టి ఆ కాగితం మా ఊరి దాకా రాలేదు. యలమంచిలికి ఇవతల ఒక హాల్టు ఉంది. పేరు రాయను, ఎందుకో చదువుతూ పోతే మీకే అర్థమవుతుంది. ఆ హాల్టు గోడకి అతికించారు. సంస్థను నష్టాల నుంచి గట్టెక్కించే సంస్కరణల్లో భాగంగా, వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఉదయం పాసింజరు అక్కడ ఆగదని దాని సారాంశం. మేం ఏకాదశి నాడు అన్నం మానేస్తాం. రైల్వేవారు స్టేషన్లు మానేస్తున్నారు. ఎవరి వ్రతం వారిది.

మాది నర్సీపట్నంలో ఒక భజన సమాజం. ఇరవై నాలుగేళ్లుగా నేను దానికి కార్యదర్శిని, బళ్లో సోషల్ మేస్టారుని. ప్రతి శనివారం మా సభ్యులు నలభై మంది తాళాలతో, మృదంగంతో ఆ హాల్టులో పాసింజరు ఎక్కి సింహాచలం వెళ్లి అప్పన్న దర్శనం చేసుకుని వస్తారు. బండి ఆగకపోతే మేం బస్సులో వెళ్తాం, మా మోక్షానికేమీ లోటు రాదు. బతుకు పోయేది సత్యారావుది. అతను ఆ హాల్టు ఏజెంటు. రైల్వే ఉద్యోగి కాదు, అమ్మిన టికెట్ల మీద కమీషన్ తీసుకునే మనిషి. పక్కనే టీ కొట్టు. ఉదయం బండి ఎక్కేవాళ్లే అతని కొట్టుకి గిరాకీ. బండి ఆగని చోట టీ ఎవరికి కావాలి?

అందుకని సమాజం తీర్మానం చేసింది. నగరంలో రైల్వే పెద్ద కార్యాలయంలో బుధవారం నాడు ప్రయాణికుల అభిప్రాయాలు వింటారట. అర్జీతో నేను వెళ్లాలి. తోడుగా గొలుగొండ నుంచి నూకరాజు వస్తాడు. చెరకు రైతు, మా సమాజంలో గొంతు పెద్దది అతనిదే. అర్జీ నేనే రాశాను. నలభై మందీ స్నానాలు చేసి, బొట్టు పెట్టుకుని మరీ సంతకాలు చేశారు.

బుధవారం తెల్లవారుజామున నాలుగున్నరకి నర్సీపట్నం కాంప్లెక్సులో యలమంచిలి బస్సు ఎక్కాం. ఛార్జీ అరవై రూపాయల లోపే. ఎవరైనా ఈ దారిన వెళ్లదలిస్తే కుడివైపు కిటికీ పక్కన కూర్చోకండి, అద్దం దిగితే మళ్లీ పైకి రాదు. ఆరు కావస్తుండగా బస్సు దిగి, మనిషికి ఇరవై ఇచ్చి ఆటోలో హాల్టు చేరాం.

సత్యారావు అప్పటికే పొయ్యి వెలిగించాడు. నుదుట నిలువు నామం, మెడలో పసుపు తువ్వాలు. మమ్మల్ని చూసి రెండు చేతులూ జోడించాడు.

"మీరు మాటాడితే పెద్ద ఆపీసరైనా వినాలండి మేస్టారూ. నా కొట్టు మీ సేతిలో ఉన్నాది."

"ఒరే సత్తిగా, మేస్టారు పురాణం సెప్తే మా గేదె కూడా నెమరేయడం ఆపీసి వింటాది. ఆపీసరెంత?" అన్నాడు నూకరాజు.

టీ ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. ఆరూ ఇరవైకి రావలసిన బండి ఆరూ ముప్పైకి వచ్చింది. ఎప్పటిలాగే సత్యారావు మా సంచీలు అందించి, మేం కూర్చున్నాక కిటికీలోంచి మరోసారి దణ్ణం పెట్టాడు.

యలమంచిలిలో మా ఎదుటి సీటులోకి మునక్కాడల మోపుతో పైడితల్లమ్మ అనే ఆవిడ వచ్చి కూర్చుంది. రోజూ నగరానికి వెళ్లే మనిషి. అనకాపల్లి దాటాక బండి హుషారుగా పరిగెత్తింది. ఇలాగైతే ఎనిమిదిన్నరకే చేరిపోతామని నేను సంతోషించాను.

"సేరరు బావూ. ఈ బండి తొమ్మిదిన్నరకే సేరాల. కొత్త టైమట," అందావిడ.

"దారి తక్కువే కదమ్మా?"

"దారి తక్కువే. టైమెక్కువిచ్చినారు. ఇప్పుడు సూడండి, ఊరి బయట ఆగిపోద్ది."

ఆగింది. బండ్లు ఆలస్యంగా వస్తున్నాయని కొత్త యాజమాన్యం గుర్తించిందట. బండిని తొందరగా నడపడం కష్టం, టైంటేబుల్లో చివరి స్టేషను ముందు ఒక గంట కలపడం తేలిక. ఇప్పుడు బండి ఎంత ఆలస్యంగా బయలుదేరినా సమయానికే చేరుతుంది. నగరం కనిపిస్తూ ఉంటుంది, ప్రవేశం ఉండదు. పుణ్యం సరిపోనివాళ్లు స్వర్గద్వారం దగ్గర ఇలాగే నిలబడతారని మా సత్సంగంలో చెప్పుకుంటాం. అక్కడ ఎంతసేపు నిలబెడతారో గానీ ఇక్కడ యాభై నిమిషాలు.

ఐదు నిమిషాల్లో పెట్టె పెట్టెంతా కిందికి దిగిపోయింది. సంచీలు, క్యారేజీలు, ఆఫీసు బ్యాగులు వరస కట్టి పట్టాల పక్కనుంచి నడిచిపోయాయి. పైడితల్లమ్మ మోపు నెత్తికెత్తుకుంది.

"రారేటి బావూ? బేగి దిగండి. కూకుంటే బేరాలు పోతాయి."

మేం దిగలేదు. నియమం నియమమే. సరిగ్గా తొమ్మిదిన్నరకి బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. నేనూ, నూకరాజూ, తలుపు పక్కన నిద్రపోతున్న ఒక పెద్దమనిషీ తప్ప పెట్టెలో ఎవరూ లేరు. ఖాళీ బండి క్షణం తప్పకుండా చేరిందని లౌడ్‌స్పీకరు మూడు భాషల్లో చెప్పింది. సంస్కరణ ఫలించింది.

స్టేషను బయట ఇడ్లీ తిన్నాం, ఇద్దరికీ ఎనభై. పదకొండు కాకముందే కార్యాలయం చేరాం. గుమ్మం మీద "కస్టమరే దేవుడు" అని పెద్ద బోర్డు. ఇరవై నాలుగేళ్లుగా భజన చేస్తున్నవాణ్ణి, దేవుణ్ణి మనం ఎలా చూసుకుంటామో నాకు తెలుసు. మధ్యాహ్నం తలుపులు వేసేస్తాం, నైవేద్యం చూపించి మనమే తింటాం, ఆయన ఏం కావాలన్నాడో మాత్రం ఎన్నడూ అడగం. కాబట్టి ఆ బోర్డు మీద నాకు ఏ భ్రమా లేదు.

హాల్లో యాభై మంది దాకా ఉన్నారు. సంస్థను నిలబెట్టడానికి బయటినుంచి పిలిపించిన సలహాదారు ఒకాయన తెర మీద బొమ్మలు వేస్తూ ముప్పావుగంట ఇంగ్లీషులో మాట్లాడాడు. బాణాలన్నీ పైకి ఉన్నాయి. ఎవరికీ అర్థం కాలేదు, అందరూ తలలు ఊపారు. మంత్రానికి అర్థం తెలియకపోయినా ఫలం దక్కుతుందని నమ్మేవాళ్లలో నేనూ ఒకణ్ణి, నేనూ ఊపాను. తరవాత బిస్కట్లు ఇచ్చారు, తలకి రెండు.

ఆ తరవాత అర్జీలు. వినేది ఒక మహిళా అధికారి. నలభై ఏళ్లుంటాయి. బిస్కట్టు ముట్టలేదు, బాణాల వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ముందు ఒక లావు ఫైలు. ఆవిడ మా హాల్టు పేరు పిలిచింది.

నేను లేచి గొంతు సవరించుకున్నాను. కాగితం చేతికిచ్చి ఊరుకోవచ్చు, కానీ సభ చూస్తే ఊరుకునే అలవాటు నాకు లేదు. "అమ్మా, ఈ హాల్టులో జనం ఎక్కరన్నది అసత్యం. ప్రతి శనివారం మా సమాజ సభ్యులు నలభై మంది, ఒక్క వారం తప్పకుండా, పదిహేనేళ్లుగా ఈ బండే ఎక్కుతున్నారు. సాక్ష్యంగా నలభై మందీ ఇందులో సంతకాలు చేశారు," అని కంచుకంఠంతో చదివాను.

ఆవిడ ఫైల్లో వేలుపెట్టి ఒక కాగితం తీసింది. "శనివారమా అండీ?"

"శనివారమేనమ్మా."

"మీ హాల్టులో శనివారాలు టికెట్లు అమ్ముడైనట్టు నా దగ్గర లేదే. మిగతా రోజుల్లో కొద్దో గొప్పో ఉన్నాయి. శనివారం సున్నా. నలభై మంది ఎక్కుతారా?"

నేను మెల్లిగా కూర్చోబోయాను. నూకరాజుకి మాత్రం పౌరుషం వచ్చింది. లేచి నిలబడ్డాడు.

"నలభయ్యేటమ్మా! దసరాకి డెబ్బై మందిమవుతాం!"

"మరి టికెట్లు?"

"అప్పన్న దగ్గిరికెల్లడానికి టిక్కెట్టేటమ్మా? ఏజెంటు మావోడే. అడిగితే పాపం తగుల్తాదని శనివారం ఎవుల్నీ అడగడు. నేడు పొద్దున్న కూడా అడగలేదు!"

హాలంతా నవ్వింది. సలహాదారు మాత్రం నవ్వలేదు, తెలుగు రాదు కదా. పక్కవాణ్ణి అడిగి, అర్థం చేసుకుని, ఆలస్యంగా నవ్వాడు. ఆ రోజు టైంటేబుల్ తప్పింది ఆయన ఒక్కడే.

నేను నా చేతిలోని కాగితం వైపు చూశాను. నా దస్తూరీ. నలభై సంతకాలు, పేర్లతో, ఊర్లతో, ఏ రోజు ఎక్కారో, ఎన్నేళ్లుగా ఎక్కారో. పోలీసులు రాయించుకున్నా ఇంత చక్కగా రాదు. పరుల సొమ్ము గురించి నేను ఎన్ని శనివారాలు వ్యాఖ్యానం చెప్పానో, ఆ బండిలోనే, టికెట్టు లేకుండా. పొద్దుటి నుంచీ రైల్వే మీద వేసిన చమత్కారాలన్నీ వరసగా వచ్చి నా నెత్తిన కూర్చున్నాయి. అన్నిటికంటే ఎక్కువగా, ఈ కాగితం ఆవిడ ఫైల్లోకి వెళితే సత్యారావు ఏజెన్సీ ఒకటో తారీఖు దాకా కూడా నిలవదని అర్థమైంది. నిలబెట్టడానికి వచ్చినవాణ్ణి నేనే.

"అమ్మా, తప్పు మాది," అన్నాను. ఈసారి కంచు లేదు. "ఏజెంటు మాకు దణ్ణం పెట్టాడు, మేం పుచ్చుకున్నాం. టికెట్టివ్వమని అడగవలసింది మేం, అడగలేదు. రాసుకోవాలంటే కార్యదర్శిగా నా పేరు రాసుకోండి."

ఆవిడ చెయ్యి చాచింది. ఇచ్చాను. నలభై సంతకాలూ పైనుంచి కింది దాకా చూసింది. తరవాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నాకే తిరిగి ఇచ్చింది.

"ఇది నేను తీసుకుంటే ఫైల్లో పెట్టాలి. పెడితే ఏం జరుగుతుందో మీకు తెలుసు. మేస్టారూ, ఈ సంస్థలో అందరూ బండ్లు ఎందుకు నష్టపోతున్నాయో నాకు బొమ్మలేసి చూపిస్తున్నారు. కారణం తనేనని లేచి చెప్పినవాళ్లు ఇప్పటిదాకా ఎవరూ లేరు." పెన్ను తీసింది. "ఆ ఉత్తర్వు మూడు నెలలు ఆపుతాను. శనివారాలు నాకు కనపడాలి. కనపడకపోతే నేనేమీ చెయ్యలేను."

బయటికొచ్చాక నూకరాజు స్టేషన్లో టికెట్టు కౌంటరు ఎక్కడని అడిగాడు. అది నేను చూసిన మొదటి అద్భుతం.

తిరుగు పాసింజరు రెండుంబావుకి. నూకరాజు కౌంటరు దగ్గర వరసలో నిలబడి రెండు టికెట్లు తెచ్చాడు. ఒకటి నాకిచ్చి, రెండోది జేబులో పెట్టి, తీసి చూసి, మళ్లీ పెట్టాడు. "మేస్టారూ, టిక్కెట్టున్నాదంటే ఆయి వేరేనండి. కాళ్లు సాపుకుని కూకోవచ్చు," అన్నాడు. నిజానికి పదిహేనేళ్లలో మేం ఆ బండిలో ఎన్నడూ తలుపు వైపు చూడకుండా కూర్చోలేదన్న సంగతి నాకు అప్పుడే తట్టింది. తనిఖీ అధికారి కనపడగానే తాళాలు గట్టిగా వాయించేవాళ్లం. భక్తి పారవశ్యం అనుకునేవాణ్ణి.

నాలుగున్నరకి హాల్టులో దిగాం. సత్యారావు ఎదురొచ్చాడు.

"ఏటైనాది మేస్టారూ?"

బండి మూడు నెలలు ఆగుతుందని చెప్పాను. కళ్లొత్తుకున్నాడు. శనివారం నుంచి మా నలభై మందికీ టికెట్లు కొట్టాలని చెప్పాను. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నా సేత్తోనా? అప్పన్న కాడికెల్లేవోళ్ల దగ్గిర డబ్బుచ్చుకోమంటారా? ఆ పాపం నాకొద్దండి. బండి ఆగకపోతే మానె."

పెద్ద కార్యాలయంలో సంస్కరణ తేలిగ్గానే జరిగింది. ఇక్కడ కదలడం లేదు. నేను నిష్కామకర్మ చెప్పాను, ధర్మం చెప్పాను, తల అడ్డంగానే ఊపాడు. చివరికి నూకరాజు కలగజేసుకున్నాడు.

"ఒరే, పదిహేనేళ్లు మేం ఎల్లినాం కదా, ఆ పుణ్యమేటి మాదనుకున్నావా? టిక్కెట్టు నువ్వు ఒదిలీసినావు, పుణ్యమంతా నీ ఖాతాలోకే ఎల్లిపోనాది. కొండెక్కి మోకాళ్లు నొప్పెట్టింది మాకు! ఇకనుంచి మా పుణ్యం మాకు ఇచ్చీరా బాబూ."

అది ఏ శాస్త్రంలోనూ లేదు. నేను ఖండించలేదు. సత్యారావు ఆలోచనలో పడ్డాడు. తను నలభై మంది పుణ్యం తిన్నానన్న భయం అతని ముఖంలో స్పష్టంగా కనిపించింది.

"అయితే కొడతానండి," అన్నాడు మెల్లిగా. "కానీ సింహాచలం టిక్కెట్లు నా దగ్గిర లేవండి. ఎప్పుడూ తెప్పించలేదు. ఎవులడిగినారు? రేపు పొద్దున్న యలమంచిలి ఎల్లి తేవాల."

"బండిలోనా?" అన్నాడు నూకరాజు.

"బండిలోనే."

"టిక్కెట్టు కొనే ఎక్కు."

సత్యారావు అతని వైపు, నా వైపు చూశాడు. టికెట్లిచ్చే గదిలోకి వెళ్లి కిటికీ తెరిచాడు. మళ్లీ బయటికొచ్చి కిటికీ ముందు నిలబడి డబ్బు పెట్టాడు. మళ్లీ లోపలికి వెళ్లి ఆ డబ్బు తీసుకున్నాడు. రేపటి టికెట్టు ఈరోజు ఇవ్వకూడదని గుర్తొచ్చి డబ్బు కిటికీలోంచి బయటికి తోసి, తిరిగి వచ్చి జేబులో వేసుకున్నాడు. ఇదంతా చాలా భక్తిగా చేశాడు.

ఐదూపదికి రోడ్డు మీద నర్సీపట్నం బస్సు దొరికింది. వెళ్లదలచినవారికి చివరి మాట: దారి మంచిదే, బండి మంచిదే, కాస్త ఓపిక ఉండాలి. ఈ రైల్వే బాగుపడుతుందా అని మా సమాజంలో అందరూ నన్ను అడుగుతున్నారు. పైనుంచి బాగుపడే లక్షణాలు నాకేమీ కనిపించలేదు. కింద ఒక హాల్టులో మాత్రం మొదలైంది. ఈ శనివారం చిల్లర తెచ్చుకోమని నలభై మందికీ కబురు పెట్టాను.